పలుకలేని బిడ్డ - పలుకవలసిన పెద్దలు

పిల్లల ఐ.సి.యు. అని జనులు వాడుకగా పిలుచు చికిత్సాగృహమునందు బిడ్డ ప్రాణము ఊగిసలాడుచున్నపుడు, తల్లిదండ్రులకును వైద్యులకును నర్సులకును నడుమ మాట యేరీతిగా జరుగవలయునో నేడు మీకు మనవిచేయ దలచితిని. ఔషధముల సంగతి వైద్యులు చెప్పవలసినది. అందు నాకు ప్రవేశము లేదు. కాని యొకరు పలికిన మాట వేరొకరి బుద్ధికి చేరినదా లేదా యని పరీక్షించుటయే బడిపంతులు వృత్తి. ఆ వృత్తిలో తల నెరసినవాడను గనుక నీ విషయమున నాలుగు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాను.

ఈ ప్రసంగము ముఖ్యముగా గ్రామములలోని పెద్దలను ఉద్దేశించినది. ఏలయన, పల్లెలో పసిబిడ్డకు ప్రాణాపాయము సంభవించినపుడు 108 బండి వెంట పోవువారు తల్లిదండ్రులు మాత్రమే కారు. మేనమామయో, పెదతండ్రియో, ఊరి పెద్దయో తోడుగా పోవును. పోలేనివారు ఇంటనుండియే ఫోనులో సలహాలు చెప్పుదురు. సంతకము పెట్టవచ్చునా, వేరొక యాసుపత్రికి తీసికొని పోవుదుమా, తల్లికి నిజము చెప్పుదుమా యని అడుగునది పెద్దలనే. మీ నోట వెడలు ఒక్క మాటచే ఆ బిడ్డకు మేలును జరుగవచ్చును, కీడును జరుగవచ్చును.

మొదట నా గృహమెట్టిదో తెలిసికొందము. 1952వ సంవత్సరమున డెన్మార్కు దేశపు రాజధానియగు కోపెన్‌హాగన్ నగరమున పోలియో వ్యాధి ఘోరముగా వ్యాపించెను. ఊపిరి తీయు కండరములు చచ్చుపడి యనేకులు మరణించుచుండిరి. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు పండ్రెండేండ్ల బాలిక యొక్క శ్వాసనాళమున గొట్టమునుంచి, దానికి రబ్బరు తిత్తి తగిలించి, ఆ తిత్తిని చేతితో నొక్కుచు ఊపిరి పోయించెను. బాలిక బ్రతికెను. అట్టి రోగులకు చాలినన్ని యంత్రములు లేనందున, సుమారు పదునైదు వందల మంది వైద్యవిద్యార్థులు వంతులవారిగా రేయింబవళ్లు రోగుల ప్రక్కన కూర్చుండి తిత్తులు నొక్కిరి. తీవ్రచికిత్స యను విధానము అక్కడ రూపుదాల్చెను. 1955లో స్వీడనులోని గోథెన్‌బర్గు నగరమున పిల్లలకు ప్రత్యేకముగా నిట్టి విభాగ మేర్పడెను. కావున నీ చికిత్సకు మూలము యంత్రము కాదు, ప్రక్కన కూర్చున్న మనుష్యుని చేయి యని మనము గ్రహింపవలయును.

నేడు ఆ తిత్తి స్థానమున వెంటిలేటరు అను శ్వాసయంత్రము వచ్చినది. బిడ్డ మంచము చుట్టును దీపములు వెలుగుచుండును, గంటలు మ్రోగుచుండును, ముక్కున నొక గొట్టము, చేతికొక సూది, రొమ్మున తీగలు. ఈ దృశ్యమును చూచిన తల్లికి కాళ్లు తడబడుట సహజము. ఆమెను మిక్కిలి భయపెట్టునది బిడ్డ యొక్క నిశ్శబ్దము. దానికి కారణము చెప్పువారు లేనిచో బిడ్డకు మాట పడిపోయినదని ఆమె తలచును. నోటిగుండ పోవు గొట్టము కంఠములోని స్వరతంత్రుల నడుమగా శ్వాసనాళములోనికి దిగును. అది యున్నంతకాలము బిడ్డ ఏడ్చినను ధ్వని వెలువడదు. గొట్టమును ఓర్చుకొనుటకై మత్తుమందు కూడ ఇత్తురు. ఈ రెండు వాక్యములు ఎవరైన చెప్పినయెడల తల్లి గుండెబరువు సగము తగ్గును. మత్తులోనున్న బిడ్డకు తెలిసిన గొంతు వినబడుచుండవచ్చును గావున, నర్సు అనుమతితో మెల్లగా పేరుపెట్టి పిలుచుట మంచిది.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. చరకసంహిత యందలి సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి - ఇవి నాలుగు. రోగిని చికిత్సకు గురియగు వస్తువుగా గాక, చికిత్సను నిలబెట్టు నాలుగవ పాదముగా ఆ మహర్షి గణించెను. మరియు రోగికి నాలుగు గుణములుండవలెననెను: జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడచుకొనుట, ధైర్యము, తన బాధను వైద్యునకు తెలియజెప్పగలుగుట. ఇప్పుడాలోచింపుడు. ఎనిమిది నెలల పసికందుకు ఈ గుణములలో ఏది గలదు? జ్వరము ఎన్నడు వచ్చినదో చెప్పలేదు. ఎక్కడ నొప్పియో చూపలేదు. నాలుగవ పాదము లేక మంచము నిలువదు. ఆ పాదమును మోయవలసినవారు తల్లిదండ్రులే. వారు గది బయట కాచియుండు బంధువులు మాత్రమే కారు. బిడ్డ పక్షమున జ్ఞాపకమును, ధైర్యమును, మాటయు తామే యగువారు. నేనీ ప్రసంగమున చెప్పదలచిన ముఖ్యాంశ మిదియే. దీనిని తల్లిదండ్రులును ఎరుగవలెను, వైద్యులును ఎరుగవలెను.

తల్లిదండ్రులు చేయవలసిన మొదటి పని దాచక చెప్పుట. మన పల్లెలలో దాపరికమునకు కారణము దుర్బుద్ధి కాదు, భయము. ఇంట కిరసనాయిలు సీసా అందుబాటులో నుంచినందుకు నిందింతురేమో యని తండ్రి చెప్పడు. పొలమునకు కొట్టు పురుగుమందు డబ్బాతో బిడ్డ ఆడుకొనెనని తాత చెప్పడు. పసరు పోయించితిమని నాయనమ్మ చెప్పదు. ఊరి ఆర్.ఎం.పి. రెండు సూదులు వేసెనని చెప్పిన నతనికి చిక్కు వచ్చునని మేనమామ నోరు మెదపడు. వైద్యుడు చీకటిలో వెదకవలసి వచ్చును. ఏ విషము కడుపులో పడినదో తెలిసినపుడు చేయు చికిత్స వేరు, తెలియనపుడు చేయు చికిత్స వేరు. కావున పురుగుమందు డబ్బాను, దానిపైనున్న కాగితముతోకూడ, సంచిలో వేసికొని తీసికొనిపోవలెను. మ్రింగించిన బిళ్లల అట్టలు చూపవలెను. తేలు కుట్టిన వేళ, పాము కరచిన వేళ, మొదటి మూర్ఛ వచ్చిన వేళ, కడపట మూత్రము పోసిన వేళ - ఇవి గడియారము చూచినట్లు చెప్పవలెను. పూర్వమొక మందు పడక ఒళ్లు దద్దురులెక్కిన సంగతి యున్నచో అడుగకముందే చెప్పవలెను. ఇంటి పరువు కంటె బిడ్డ ప్రాణము గొప్పదని తండ్రి చెవిలో చెప్పవలసినవారు మీరే.

ఇక వైద్యుల పక్షమున జరుగవలసినది. సీతాన్వేషణమునకు పోయి వచ్చిన హనుమంతుడు సముద్రలంఘనమును, రాక్షసుల బలమును మొదట వర్ణింపక, దేవిని కన్నులార చూచితినను వార్తనే ముందు చెప్పెనని మన పౌరాణికులు కొనియాడుదురు. వినువారి ప్రాణము దేనికై కొట్టుకొనుచున్నదో అది మొదట చెప్పి, వివరములు పిదప చెప్పుట ఉత్తమ దూత లక్షణము. వైద్యుడును అట్టి దూతయే. రక్తపరీక్షల అంకెలతో నారంభించిన తల్లి ఒక్క మాటయు వినదు. “బిడ్డ ఈ ఉదయము నిన్నటికంటె కొంచెము మేలుగా నున్నాడు, ఇంకను అపాయము దాటలేదు” అని మొదట చెప్పి, తరువాత కారణము చెప్పిన నామె వినగలుగును.

అంతకంటె చిక్కు మాటల అర్థముల యందు గలదు. వైద్యులాడు ఇంగ్లీషు మాటలు మనవారు కూడ ఆడుచున్నారు గాని, ఇరువురకు నర్థ మొకటి కాదు. ‘స్టేబుల్’ అని డాక్టరుగారనిన, బిడ్డ స్థితి మారక నిలకడగా నున్నదని మాత్రమే యర్థము; అపాయస్థితిలోనే నిలకడగా నుండవచ్చును. మనవారు గండము గడచినదని ఊరికి ఫోను చేయుదురు. ‘పాజిటివు’ అనిన వెదకిన దోషము పరీక్షలో కనబడినదని యర్థము. మనవారు మంచివార్త యనుకొందురు. ‘వెంటిలేటరు పెట్టితిమి’ అనిన ఊపిరికి సాయమిచ్చితిమని యర్థము. మనవారు ఇక ఆశ లేదని రోదనము సేయుదురు. న్యుమోనియాతో అలసిన బిడ్డ కొన్నిదినములు యంత్రముపైనుండి కోలుకొని ఇల్లు చేరుట కలదు. యంత్రముపై నున్నను దక్కనిది కూడ కలదు. ఆ మాట మరణవార్తయు గాదు, అభయమును గాదు.

అంకెలును ఇట్టివే. పెద్దవారి నాడి నిమిషమునకు డెబ్బది యెనుబది కొట్టుకొనును గావున, తెరపై 140 అను అంకె చూచి తాత గుండె జారును. ఏడాది లోపు శిశువునకు మెలకువగా నున్నపుడు 100 మొదలు 160 వరకు నుండుట సాధారణమని యాతనికెవరును చెప్పలేదు. గంట మ్రోగినప్పుడెల్ల ప్రాణము పోవుచున్నదని తలచుట కూడ ఇట్టిదే. బిడ్డ వ్రేలు కదలి, దానికి తగిలించిన పట్టుకొయ్య వదులైనను గంట మ్రోగును. ఏ గంటకు నర్సమ్మ పరుగెత్తునో, ఏ గంటను చూచి సరిచేసి పోవునో ఒకసారి అడిగి తెలిసికొనిన, రాత్రియెల్ల గుండెలదరవలసిన పని లేదు.

ఈ చిక్కునకు మా బడిలో నొక మందు గలదు. పాఠము చెప్పి ముగించి “తెలిసినదా?” యని యడిగిన గురువునకు, తరగతియంతయు “తెలిసిన”దనియే బదులు చెప్పును. ఆ మాటను నమ్మిన పంతులు పరీక్షనాడు దుఃఖించును. పాఠము అప్పగించుమనిన గాని నిజము తెలియదు. డాక్టరుగారు చెప్పినపిమ్మట “అర్థమైనదా?” యనినప్పుడు తలయూపుట మన మర్యాద; అది జ్ఞానము కాదు. అట్లుగాక, “అయ్యా, తమరు చెప్పినది నేను మరల చెప్పెదను, తప్పున్న దిద్దుడు” అని తండ్రి అప్పగింపవలెను. లేదా డాక్టరుగారే “ఇంటివద్ద అవ్వకు ఫోనులో ఏమని చెప్పెదరు? నాకొకసారి చెప్పుడు” అని అడుగవలెను. రెండు నిమిషముల పని. పాశ్చాత్యదేశములలో నీ పద్ధతిని వైద్యులకు శిక్షణగా నేర్పుచున్నారు. మనకది వీధిబడి నాటినుండియు తెలిసినదే.

రెండవ మందు, ఒక్క నోరు. బిడ్డకై పదిమంది బంధువులు వచ్చుట మన ప్రేమకు గుర్తు. కాని పదిమందియు వేర్వేరుగా ముగ్గురు డాక్టర్లను అడిగి, ముప్పది విధములైన జవాబులు తెచ్చి, వాటిని వరండాలో పోల్చి తగవులాడుట బిడ్డకు మేలు కాదు. ఉదయపు డాక్టరు చెప్పినదియు రాత్రి డాక్టరు చెప్పినదియు భిన్నముగా తోచుటకు, నడుమ బిడ్డ స్థితి మారియుండుటయు నొక కారణము కావచ్చును. కావున తల్లిదండ్రులతో పాటు ఒక్క పెద్దను ఏర్పరుపుడు. “దినమున కొకసారి తమరు మాతో మాటలాడు వేళ యేది?” యని యడిగి, ఆ వేళకు సిద్ధముగా నుండుడు. ఒక చిన్న పుస్తకము కొని తేదీ వేసి, నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనుడు. నేడు బిడ్డకు ముఖ్యమైన యాపద యేది? దానికేమి చేయుచున్నారు? రేపటికి ఏ గుర్తు కనబడిన మేలు, ఏది కనబడిన కీడు? మేము చేయదగినదేమి? మాటలాడినవారి పేరును వారి పనియు గూడ వ్రాసికొనుడు. తక్కిన బంధువులకు ఆ పుస్తకమే వార్తాపత్రిక.

ఖర్చు సంగతి యడుగుటకు సిగ్గుపడరాదు. 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలైన నాటినుండి, దానిలో చేరిన యాసుపత్రులలో సహాయకులు కూర్చుండు బల్లయొకటి యుండును. మొదటిదినముననే అక్కడ అడిగిన, అర్ధరాత్రి అప్పుకై పరుగెత్తు దుర్గతి కొంత తప్పవచ్చును.

అడిగిన డాక్టరుగారు కోపగించుకొందురేమో యను సంకోచము మనవారికి మెండు. ఈ సంకోచమెంత ప్రమాదకరమో, విను చెవులు లేకున్న మాట యెంత నిష్ఫలమో తెలుపు వృత్తాంత మొకటి చెప్పెదను. 2021లో మార్తా మిల్స్ అను ఇంగ్లండు దేశపు పదుమూడేండ్ల బాలిక సైకిలుమీదనుండి పడగా, దాని పిడి పొట్టకు తగిలి క్లోమగ్రంథికి దెబ్బ తగిలెను. ఆసుపత్రిలో నుండగా రక్తమునకు విషదోషము సోకెను. బిడ్డ క్షీణించుచున్నదని తలిదండ్రులు పలుమారు చెప్పిరి. వారి మాటకు తగిన విలువ లభింపలేదు. తీవ్రచికిత్సా విభాగమునకు సకాలమున మార్చలేదు. బాలిక మరణించెను. ముందుగా మార్చియున్న ఆమె బ్రతికియుండుటకే యెక్కువ యవకాశమని 1922 కాదు, నిన్నమొన్నటి 2022లో, విచారణాధికారి నిర్ణయించెను. చదువుకొన్నవారు, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు. వారి మాటయే చెల్లనపుడు మన పల్లె తల్లి మాట గతియేమి?

ఆ తల్లిదండ్రులు దుఃఖమును దిగమ్రింగి పోరాడిరి. ఫలితముగా 2024 నుండి ఇంగ్లండులోని ఆసుపత్రులలో ‘మార్తా నియమము’ అమలునకు వచ్చినది. దాని ప్రకారము బిడ్డ యెట్లున్నదని కుటుంబమును ప్రతిదినము అడుగుదురు. స్థితి క్షీణించుచున్నదని తోచినపుడు కుటుంబమువారే వేరొక వైద్యబృందమును పిలిపించి చూపవచ్చును; రేయైనను పగలైనను సరే. మన యాసుపత్రిలో నట్టి నియమమున్నను లేకున్నను ఒక మాట అడుగవచ్చును: “అమ్మా, మా బిడ్డ నిన్నటివలె లేడు. పిలిచిన కన్ను తెరచుట లేదు. పెద్ద డాక్టరుగారొకసారి వచ్చి చూడవలెనని మా కోరిక.” ఏమి మారినదో చెప్పి, ఏమి కావలెనో చెప్పిన ఈ మాటలో తప్పుపట్టదగినదేదియు లేదు.

తల్లిదండ్రులను సంభాషణలో చేర్చుకొనిన మేలు కలుగునని పరిశోధనయు చెప్పుచున్నది. ఉత్తర అమెరికాలోని ఏడు ఆసుపత్రుల పిల్లల వార్డులలో, వైద్యులు ఉదయము రోగులను చూచునప్పుడు తల్లిదండ్రులను గూడ నిలుపుకొని, వారిని మొదట మాటలాడనిచ్చి, తేలికమాటలలో చెప్పి, చివర అప్పగింపించుకొను పద్ధతిని ప్రవేశపెట్టిరి. 2018లో ప్రకటితమైన ఆ ఫలితములలో, హాని కలిగించు పొరపాట్లు నూటికి ముప్పదియెనిమిది వంతులు తగ్గినవి. అవి తీవ్రచికిత్సా విభాగములు కావు, సాధారణ వార్డులు; అయినను నీతి యొకటియే. మన దేశమునను 2017లో భారతప్రభుత్వము, జబ్బుపడిన నవజాతశిశువుల సేవలో తల్లిదండ్రులను చేర్చుకొనవలెనని మార్గదర్శకములు వెలువరించినది. చేతులు కడుగుకొనుట, బిడ్డను రొమ్మున హత్తుకొనుట, పాలు పట్టుట, అపాయసూచనలు గుర్తించుట వారికి నేర్పవలెనని యందు గలదు.

మౌనమొక దోషమైన, కలహము వేరొక దోషము. బిడ్డ చేయిదాటినపుడు మూకగా లేచి, అద్దములు పగులగొట్టి, నర్సుపై చేయిచేసికొను దుష్కృత్యము అక్కడక్కడ జరుగుచున్నది. ప్రక్క మంచమున వేరొక తల్లి బిడ్డ యదే యంత్రముచే ఊపిరి పీల్చుచుండును. ఆ దెబ్బ ఆ బిడ్డకే తగులును. మౌనమునకును కలహమునకును నడుమ అడుగుట యను రాజమార్గము గలదు. రాత్రి పన్నెండు గంటలు నిలువుకాళ్ల మీద నున్న నర్సమ్మకు “అమ్మా, మీరు చేసిన సేవ చూచితిమి” అను ఒక్క వాక్యము చెప్పుట కూడ ఆ మార్గములోనిదే.

కడపటి విషయము కష్టమైనది. వైద్యుడు తండ్రిని ప్రక్కకు పిలిచి, బిడ్డ దక్కుట కష్టమని చెప్పెననుకొందము. వెంటనే పెద్దలు కూడి “తల్లికి చెప్పవద్దు, తట్టుకొనలేదు” అని తీర్మానింతురు. కరుణతో చేసిన తీర్మానమే. కాని దాని ఫలమేమి? అందరి ముఖములు చూచి ఆమె సగము గ్రహించును; అడిగిన “బాగుగనే యున్నా”డందురు. నవమాసములు మోసిన తల్లి, బిడ్డ చేయి పట్టుకొనవలసిన కడపటి దినమును వరండాలో కాఫీగ్లాసుతో గడపును. పిమ్మట జీవితాంతము ఆమె మనలను అడుగు ప్రశ్న యొకటే: “నాకేల చెప్పలేదు?” అందుకు మనయొద్ద బదులు లేదు. కావున తల్లిదండ్రులిరువురను కూర్చుండబెట్టి, తొందర లేని చోట, తలుపు మూసి, వైద్యుడు సూటియైన తెలుగులో చెప్పవలెను. “చేయగలిగినది చేయుచున్నాము” అను మాట ఆశకును నిరాశకును సమముగా సరిపోవును గాన దానివలన ప్రయోజనము లేదు. చెప్పినపిమ్మట వైద్యుడు కొంతసేపు ఊరకుండవలెను. మనమును ఊరకుండవలెను. ఏడ్చు తల్లికి వేదాంతము అప్పుడు చెప్పరాదు; ప్రక్కన కూర్చుండిన చాలును. బిడ్డను తాకనిమ్మని, ఒడిలోనుంచుకొననిమ్మని నర్సును అడిగిపెట్టుట పెద్దల పని. నిజము చెప్పుట నిర్దయ కాదు. ఒంటరిగా వదలిపెట్టుట నిర్దయ.

మహాశయులారా! మన గ్రామములలో పదిమందిలో మాటలాడగలవారని, తగవు తీర్చగలవారని మీకు పేరున్నది. పొలముగట్టు తగవులో ఇరుపక్షముల మాటయు విని, విన్నది మరల చెప్పించి, పిమ్మట తీర్పు చెప్పుట మీకు తెలిసిన విద్య. ఆ విద్యనే ఆసుపత్రి వరండాకు తీసికొనిపొండు. దాచిన దానిని చెప్పింపుడు. చెప్పిన దానిని అప్పగింపింపుడు. తల్లిని లోపలికి పంపుడు. మూకను ఇంటికి పంపుడు. పలుకలేని బిడ్డకు మీరు చేయదగిన సేవ యింతకంటె వేరొకటి లేదు. మీ యిండ్ల బిడ్డలకు ఆ గదితో పని పడకుండుగాక యని కోరుచు, పడిన నాడు ఈ మాటలు మీకు జ్ఞప్తికి వచ్చునను నమ్మకముతో విరమించుచున్నాను.